కాన్పునకును కాన్పునకును నడుమ

కాన్పు ఆడుదానికి పునర్జన్మ యని మన పల్లెలలో నేటికిని అనుచుందురు. ఆ మాటలో దీవెన యెంత యున్నదో భయమును అంతయే యున్నది. మరల పుట్టుట యన్న మృత్యువు గడప దాక పోయి వచ్చుటయే కదా! ఈ భయము వట్టి పిరికితనము కాదు. భోరు సంఘమువారు 1946లో ప్రకటించిన నివేదికలో, ఆనాటి బ్రిటిషు ఇండియాలో వేయి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరనియు, ఏటేట ఇట్లు గతించువారు 2 లక్షల మంది యుందురనియు అంచనా కట్టిరి. వేయికి 20 మంది యన్న స్వల్పముగ తోచవచ్చును. కాని ఒక స్త్రీ యెనిమిది మారులు కనవలసియున్నచో ఈ గండమును ఎనిమిది మారులు దాటవలెను. లెక్క వేసి చూడుడు: అట్టి స్త్రీలు ఏడుగురున్నచో వారిలో ఒకతె పురిటి మంచము మీదనే కన్ను మూయును.

గర్భనిరోధము తల్లిబిడ్డల ఆరోగ్యమున కేమి చేసినదను విచారణ ఈ లెక్కతోనే ఆరంభము కావలెను. అయితే అది యిక్కడ ముగియదు. కాన్పులను తగ్గించుట వేరు, కాన్పుల నడుమ ఎడమిచ్చుట వేరు. మన తెలుగునాట మొదటి పని ఆశ్చర్యము గొలుపునంత త్వరగా నెరవేరినది. రెండవ పని నేటికిని నెరవేరలేదు. ఈ భేదమును పాటింపక, కుటుంబ నియంత్రణము ఘనవిజయము సాధించినదని సంతసించువారును, అది స్త్రీలకు చేటు తెచ్చినదని నిందించువారును సగము సత్యమునే పలుకుచున్నారని నా తలంపు.

హైదరాబాదు పాతబస్తీలో ఈ చరిత్రకు సంబంధించిన రెండు స్థలములు కలవు. మొదటిది చార్మినారు చెంత, 7వ నిజాము కాలమున వెలసిన యునానీ ఆసుపత్రి. రెండవది మూసీ దక్షిణపు టొడ్డున నయాపూల్ దగ్గర నుండిన ప్రసూతి ఆసుపత్రి. జనులు దానిని జచ్గీఖానా యని పిలుచుచుండిరి. గర్భనిరోధమన్నది నిన్న మొన్న సీమనుండి దిగుమతియైన వింత యని యనుకొనువారికి మొదటి భవనమొక్కటియే చాలిన సమాధానము. అచ్చటి వైద్యమునకు మూలగ్రంథములలో ముఖ్యమైన 'కానూను'ను రచించిన ఇబ్న్ సీనా 11వ శతాబ్దివాడు. చిన్న ప్రాయపు స్త్రీకి, గర్భాశయ వ్యాధి గలదానికి, కాన్పున ప్రాణాపాయము కలుగునని భయమున్న దానికి గర్భము రాకుండ చూడవలసిన అగత్యము వైద్యునకు కలుగవచ్చునని అతడు వ్రాసియున్నాడు. కొన్ని దశాబ్దుల పిమ్మట గజాలీ యను ధర్మవేత్తయు, భార్య ప్రాణమును కాపాడుకొనదలచి భర్త సంతానమును నిలుపుకొనుట దోషము కాదనెను. మన ఆయుర్వేదమునను 'యోగరత్నాకరము' మొదలగు గ్రంథములయందు గర్భము నిలువకుండుటకు యోగములు చెప్పబడినవి. ఆ యోగములు పనిచేయునని నేననుట లేదు. వానిని నమ్ముకొని యెవరును మోసపోరాదు. కాని ఆ వైద్యులు చూపిన కారణము గమనింపదగినది. జనసంఖ్య మాట వారెత్తలేదు, దేశసంపద మాట వారెత్తలేదు. వారి కంటి ముందున్నది ఒక స్త్రీ, ఆమె ప్రాణము. తరువాతి కాలమున ఈ విషయమున ఎన్నో మహావాదములు చెలరేగినవి గాని ఈ మొదటి కారణము మాత్రము వెనుకబడిపోయినది.

ఇక రెండవ స్థలము. 1906లో హైదరాబాదునకు వచ్చిన వేల్సు రాకుమారి శంకుస్థాపన చేసిన విక్టోరియా జనానా ఆసుపత్రియే ఈ జచ్గీఖానా. తరువాతి కాలమున అది పేట్లబుర్జునకు తరలినది. ఘోషా స్త్రీలు సయితము వెరవక వచ్చి చికిత్స పొందుటకై యేర్పడిన ఈ ఆలయము పాతబస్తీ గల్లీలకే పరిమితము కాలేదు. పాలమూరు నుండియు, నల్లగొండ నుండియు, మెదకు నుండియు పల్లెటి స్త్రీలు కడపటి ఆశగా ఇచ్చటికి చేరుచుండిరి. కడపటి ఆశగా నని యేల యనుచున్నాననగా, ఊరిలో మంత్రసాని చేతులెత్తిన తరువాతనే బండి కట్టుట మన ఆచారము. శారదా చట్టము 1929లో వెలువడినప్పటికిని అది బ్రిటిషు ఇండియాకే వర్తించెను గాని సంస్థానములకు కాదు. కావున తెలంగాణపు బాలికకు ఆ చట్టము వలన కలిగిన రక్షణ యేమియు లేదు. ఒడలు పూర్తిగ పెరుగకముందే తొలిచూలు, అది తేరుకొనకముందే మలిచూలు.

అయినను మన పూర్వులకు ఎడము విలువ తెలియదనుట అన్యాయము. తొలి కాన్పునకు పుట్టినింటికి పిలుచుకొనిపోవుట, బాలింతను నెలల తరబడి యచటనే యుంచుట, ఆషాఢమున క్రొత్త దంపతులను వేరుచేయుట, బిడ్డకు రెండేండ్లు దాటువరకు చనుబాలిచ్చుట, ఇవన్నియు ఎడము కలిగించు ఏర్పాటులే. వీనిలో పాల మహిమ శాస్త్రమునకును నిలిచినది. తల్లి బిడ్డకు పాలు తప్ప వేరొకటి పెట్టక, రాత్రింబవళ్లు పాలిచ్చుచు, ముట్టు తిరిగి రానంతకాలము, కాన్పు తరువాతి ఆరు మాసములలో నూటికి 98 వంతులు గర్భము రాదని 1988లో ఇటలీ దేశపు బెల్లాజియోలో సమావేశమైన వైద్యనిపుణులు తేల్చిరి. కాని యీ ప్రకృతి రక్షణలో ఒక ఘోరమైన లోపమున్నది. బిడ్డ మరణించెనా, పాలు ఎండును. పాలు ఎండెనా, గర్భము త్వరగా నిలుచును. త్వరగా వచ్చిన గర్భమున పుట్టిన బిడ్డ బలహీనమై తానును మరణించుట కెక్కువ అవకాశము కలుగును. కాన్పు వెంట కాన్పు, చావు వెంట కాన్పు. మన తాతమ్మల కాలమున పదిమందిని కని ముగ్గురిని దక్కించుకొన్న ఇల్లాండ్ర కథలు ప్రతి యింటను వినబడును. వారి దురదృష్టమని మనము చెప్పుకొనుదానిలో కొంత భాగము ఈ చక్రమే.

ఈ చక్రము బిడ్డను పట్టి యెట్లు పీడించునో తెలుపు మాట యొకటి ఆఫ్రికా నుండి వచ్చినది. గోల్డుకోస్టులో పనిచేసిన సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు 1930ల నడుమ ఒక శిశువ్యాధిని వర్ణించి, అచ్చటి గా భాషలోని 'క్వాషియోర్కర్' అను పేరునే దానికి నిలిపెను. చెల్లెలో తమ్ముడో పుట్టగనే చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. కాళ్లు వాచి, జుట్టు రంగు మారి, నవ్వు మరచిన ఆ బిడ్డలు మన పల్లెలకును క్రొత్త కారు. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, తరువాత జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చి, ఈ వ్యాధిని గూర్చి విశేషముగ శ్రమించినది. దాని అధిపతియైన గోపాలన్‌గారును, నాయుడుగారును 1972లో 'లాన్సెట్' పత్రికయందు పోషణకును సంతానమునకును గల సంబంధమును చర్చించిరి. అదే సంస్థలో మెహతాబ్ బాంజీగారు గర్భనిరోధక మాత్రలు వాడు పేద స్త్రీలలో బి విటమినుల స్థితిని పరిశోధించిరి. చాలినంత తిండి లేని యొడలిపై మందు ప్రభావమెట్లుండునని యడుగుట, సీమ పుస్తకములలో దొరకని ప్రశ్న నడుగుటయే.

తల్లి విషయమున లెక్క యింకను సులభము. ఒక గర్భమునకు సుమారు ఒక గ్రాము ఇనుము వ్యయమగును. జొన్న అంబలి, పచ్చిపులుసు, అన్నము తిను స్త్రీకి ఆ యొక్క గ్రామును తిరిగి కూడబెట్టుకొనుటకు నెలలు కాదు, ఏండ్లు పట్టును. ఆ లోపల మరల గర్భమైనచో రెండవ బిడ్డ తల్లి అప్పు మీద పెరుగును. తక్కువ తూకముతోను, నెలలు నిండకయు పుట్టు ప్రమాదము అందుచేతనే హెచ్చు. ఒక బిడ్డ పుట్టిన తరువాత మరల గర్భము ధరించుటకు కనీసము 24 మాసములు ఆగవలెనని ప్రపంచారోగ్య సంస్థ 2005లో కూర్చిన నిపుణులు సలహా యిచ్చుటకు ఇట్టి కారణములే ఆధారము.

కావలసినది ఎడము, దానికి సాధనములును క్రమముగ ఏర్పడినవి. 1921లో బొంబాయిలో రఘునాథ ధోండో కర్వేగారు లోకనిందకు వెరవక సలహాకేంద్రము తెరచిరి. 1930లో మైసూరు ప్రభుత్వము తన ఆసుపత్రులలోనే ఇట్టి కేంద్రములను నెలకొల్పెను. 1935 డిసెంబరులో వార్ధాలో మార్గరెట్ శాంగరుకును గాంధీమహాత్మునకును జరిగిన సంభాషణ లోకప్రసిద్ధము. స్త్రీ బాధను మహాత్ముడు కాదనలేదు. నిగ్రహమే మందనెను. ఆయన యందు నాకు భక్తి లేకపోలేదు గాని, పగలెల్ల నాటువేసి యింటికి వచ్చిన కూలి స్త్రీకి నిగ్రహము ఆమె చేతిలోని వస్తువు కాదను సంగతి ఆ సలహాలో మరుగుపడినది.

స్వతంత్ర భారతము 1952లో కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగ స్వీకరించెను. 1965లో గర్భాశయమున నుంచు లూపు వచ్చెను. అది నిజముగ ఎడము నిచ్చు సాధనమే. కాని రక్తస్రావము హెచ్చి స్త్రీలు భీతిల్లిరి; అసలే నెత్తురు లేని స్త్రీకి నెలనెలకు మరికొంత నెత్తురు పోవుచుండ, ఓర్చుకొమ్మనుట తప్ప కేంద్రములలో వేరు మాట వినబడలేదు. 1968లో నిరోధు తొడుగులు మూడింటికి 15 పైసల చొప్పున కిళ్లీకొట్లకు సయితము చేరెను. గోడగోడకును ఎర్ర త్రికోణము వెలసెను. పిమ్మట అత్యవసర పరిస్థితి వచ్చెను. 1976–77 సంవత్సరమొక్కదానిలోనే దేశమున 82 లక్షల శస్త్రచికిత్సలు జరుగగా, అందు సుమారు 62 లక్షలు పురుషులకు చేసినవి. బలాత్కారముచే జనులు మండిపడి ప్రభుత్వమునే మార్చిరి; మరు సంవత్సరము శస్త్రచికిత్సలు పది లక్షలకు లోపుగ పడిపోయెను. దాని ఫలితమేమి? అధికారులు నేర్చుకొన్న పాఠము బలాత్కారము కూడదని కాదు, పురుషుని జోలికి పోరాదని! నాటి నుండి కత్తి స్త్రీ వైపునకు తిరిగినది.

ఆ మలుపు తరువాతి కథలో ఆంధ్రప్రదేశము దేశమునకే ఉదాహరణమైనది. ఒక స్త్రీ జీవితకాలమున కను బిడ్డల సగటు 1992–93 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 2.6 ఉండగా, 2005–06 నాటికి 1.8కి దిగినది. కేరళమున వలె అక్షరాస్యత పెరిగినందున కాదు, పెండ్లి యీడు పెరిగినందునను కాదు. సాధనమొక్కటే: స్త్రీకి శస్త్రచికిత్స. 2005–06 సర్వేలో వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 63 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. లూపు, మాత్ర, తొడుగు మొదలగు ఎడము సాధనములను వాడు దంపతులు నూటికి ఇద్దరైనను లేరు. 2019–21 నాటి సర్వేలో ఆంధ్రప్రదేశమున ఆపరేషనైన స్త్రీలు నూటికి 69.6, తెలంగాణమున 61.9. ఆపరేషను నాటికి వారి వయస్సు సాధారణముగ 23, 24 ఏండ్లు! పదునెనిమిదింటికి లోపుననో, అటునిటుననో పెండ్లి, ఏడాది తిరుగక తొలిచూలు, వెనువెంట మలిచూలు, అంతట ఆపరేషను. కన్నతనమంతయు నాలుగైదేండ్లలో ముగిసిపోవును.

దీని వలన మేలు కలుగలేదా? కలిగినది, చాల కలిగినది. మొదట చెప్పిన లెక్కకే మరల పోవుదము. ఎనిమిది గండములకు బదులు రెండే గండములు. అయిదవ కాన్పున, ఆరవ కాన్పున గర్భాశయము సడలి నెత్తురు ధారలై పోయి మరణించు స్త్రీలు నేడు మన పల్లెలలో అరుదైరి. కాని యొక సూక్ష్మము గమనింపవలెను. లక్ష జననములకు తల్లుల మరణములు 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 154 ఉండగా, 2018–20లో తెలంగాణమున 43కును, ఆంధ్రప్రదేశమున 45కును తగ్గినవి. ఇది ప్రతి కాన్పులోని అపాయమును కొలుచు సంఖ్య. ఈ తగ్గుదలకు ముఖ్యకారణములు ఆసుపత్రి కాన్పులు, నెత్తురు ఎక్కించు వసతి, వాహనములు. గర్భనిరోధము ప్రధానముగ తగ్గించునది కాన్పుల సంఖ్యను, వానితోపాటు మిక్కిలి అపాయకరములైన కడపటి కాన్పులను. రెండును కలిసి తల్లులను బ్రతికించినవి. శిశుమరణములును ఆంధ్రప్రదేశమున 1992–93లో వేయికి 70 ఉండగా 2019–21 నాటికి 30కి దిగినవి.

ఇక కలుగని మేలు. తొలిబిడ్డకును మలిబిడ్డకును నడుమ దూరము పెంచుటకు ఆపరేషను ఏమియు చేయజాలదు. అది రెండవ బిడ్డ తరువాత వచ్చునది. తొలిచూలును ఆలస్యము చేయుటకును పనికిరాదు. అనగా పసితల్లికిని, ఆమె మొదటి యిద్దరు బిడ్డలకును ఏ ఆపదలున్నవో అవి యథాతథముగ నిలిచినవి. ఈ మాట ఊహ మాత్రమే కాదు. 2019–21 సర్వేలో నెత్తురు తక్కువైన స్త్రీలు తెలంగాణమున నూటికి 57.6, ఆంధ్రప్రదేశమున 58.8. అయిదేండ్లలోపు బిడ్డలలో వయస్సునకు తగిన ఎత్తు ఎదుగనివారు రెండు రాష్ట్రములలోను సుమారు మూడింట ఒక వంతు. కాన్పులు రెండింటికి దిగినను నెత్తురు పెరుగలేదు! దీనికి తిండి లేమియే పెద్ద కారణము. ఆ తిండి లేమిపై ఎడములేని కాన్పుల బరువు మరికొంత.

వేరొక పరిణామము నన్ను మరింత కలతపెట్టును. 2015–16 సర్వేను బట్టి గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు దేశమంతట ఈ రెండు రాష్ట్రములలోనే హెచ్చు. ఇరువదినాలుగేండ్లకు కన్నతనము ముగిసెనని నిశ్చయించినచో, ముప్పదేండ్లకు తెల్లబట్టయో నడుమునొప్పియో వచ్చినపుడు, "ఇక దానితో పనియేమి, తీసివేయుడు" అను మాట వైద్యుని నోటికిని, ఆమె నోటికిని కూడ సులభముగ వచ్చును. ఎముకల బలము మాట, అకాల వార్ధక్యము మాట ఎవరును ఎత్తరు.

పల్లెటి స్త్రీ తెలివితక్కువతో ఆపరేషనును కోరుకొన్నదని యెవరైన అనుకొన్నచో అది పొరపాటు. బొంబాయికో పూనాకో వలసపోవు పాలమూరు కూలి స్త్రీకి మూడు నెలల కొకమారు సూది, వారమునకొక మాత్ర యెక్కడ దొరకును? ఒక్కమారు చేయించుకొన్న మరల ఎవరిని అడుగనక్కరలేదు, అత్తకు దాచనక్కరలేదు, మగని అనుమానమునకు లోబడనక్కరలేదు. ఆమె లెక్క ఆమెకు సరియైనదే. ఆమె ముందు వేరు దారులు పెట్టనివారి లెక్కయే తప్పు.

వేరు దారులు పెట్టినప్పుడు సయితము అవి ఎట్లు పెట్టబడినవో చూడుడు. 1985లో హైదరాబాదు పొలిమేరలోని పటాన్‌చెరు ఆరోగ్యకేంద్రమున నెట్-ఎన్ అను రెండు మాసముల గర్భనిరోధక సూదిని పరీక్షార్థము గ్రామస్త్రీలకు ఇచ్చుటకు పూనుకొనిరి. అది పరీక్ష యనియు, దానికి దుష్ఫలితములుండవచ్చుననియు వారికి తెలుపలేదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు దీనిని బయటపెట్టి, ఇతర సంఘములతో కలిసి 1986లో సుప్రీముకోర్టు నాశ్రయించిరి. ఆ సూదిని సామూహిక కార్యక్రమములో ప్రవేశపెట్టబోమని ప్రభుత్వము చెప్పిన మీదట 2000లో ఆ వ్యాజ్యము ముగిసినది. వారు సూది యన్నది సర్వకాలమునను చెడ్డదని వాదించిరా, చెప్పక పొడుచుట చెడ్డదని వాదించిరా అను చర్చ నేటికిని కలదు. నాకు రెండవదియే వారి బలమైన వాదముగ తోచును. ఆ బృందమువారి కృషియే 1991లో 'సవాలక్ష సందేహాలు' అను గ్రంథరూపమున వెలువడినది. స్త్రీ తన దేహమును గూర్చి తన భాషలో చదువుకొనగల పుస్తకమది. ఆడపిల్ల లున్న ప్రతి యింటను అది యుండవలసినది.

చెప్పక చేయుటకు తోడు త్వరపడి చేయుట మరియొక కీడు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాసపురము దగ్గర ఒక శిబిరమున ఒకే దినమున 83 మంది స్త్రీలకు ఆపరేషనులు చేయగా శిబిరపు చికిత్సల ఫలితముగ 13 మంది మరణించిరి. 2016 సెప్టెంబరులో సుప్రీముకోర్టు ఇట్టి శిబిరములను మూడేండ్లలో నిలిపివేయవలెనని చెప్పెను. ఆ గడువు 2019తో తీరినది. 2022 ఆగస్టు 25న, పాతబస్తీ నుండి నాగార్జునసాగరు త్రోవలో పోగా తగులు ఇబ్రహీంపట్నపు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున ఒకే దినమున 34 మంది స్త్రీలకు ఆపరేషనులు జరిగెను. కొలది దినములలో నలుగురు మరణించిరి. తక్కినవారిని నగరపు పెద్ద ఆసుపత్రులకు తరలించిరి. ఆ నలుగురును రోగులు కారు. ఆరోగ్యముగ నడచివచ్చి, ఇంటిలో చిన్నపిల్లలను ఎవరికో అప్పగించి, సాయంకాలమునకు తిరిగి పోదుమని వచ్చిన తల్లులు.

పురుషునకు చేయు శస్త్రచికిత్స పొట్ట తెరువనక్కరలేనిది, చాల సులభమైనది. అయినను 2019–21 సర్వేలో దేశమంతటను ఆపరేషనైన స్త్రీలు నూటికి 37.9 కాగా పురుషుల వంతు 0.3. ఈ రెండంకెలకు వ్యాఖ్యానము అనవసరము.

2017 నుండి ప్రభుత్వ కేంద్రములలో రెండు క్రొత్త సాధనములు ఉచితముగ దొరకుచున్నవి. మూడు మాసముల కొకమారు వేయు 'అంతర' సూది యొకటి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనశాలలో పుట్టిన 'ఛాయ' మాత్ర రెండవది. దీనిలో హార్మోనులు లేవు. మొదటి మూడు మాసములు వారమునకు రెండు, ఆ పిమ్మట వారమునకు ఒకటి వేసికొనవలెను. పాలిచ్చు తల్లులును వాడవచ్చును. సూది వలన ముట్టు క్రమము తప్పుట కలదు, మానిన తరువాత గర్భము నిలుచుటకు కొన్ని మాసములు ఆలస్యమగుట కలదు. ఈ సంగతులు ముందే చెప్పిన స్త్రీ భయపడదు. చెప్పనిచో మొదటి నెలలోనే మానివేయును. లూపు చరిత్ర యంతయు ఇదియే కదా.

చట్టములును తమ త్రోవ మార్చుకొనుచున్నవి. ఇద్దరికి మించి సంతానమున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో చేసిన నిబంధనను ఆంధ్రప్రదేశ శాసనసభ 2024 నవంబరులో తొలగించినది. నేడు నాయకులు బిడ్డలను ఎక్కువగ కనుడని వేదికల మీద చెప్పుచున్నారు. నిన్న చాలుననిరి, నేడు చాలదనుచున్నారు. ఈ రెండు మాటలలోను మొదటి బిడ్డకును రెండవ బిడ్డకును నడుమ ఎన్నియేండ్లుండవలెనను ప్రసక్తి లేదు. 2019–21 సర్వేలో ఇరువది నుండి ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిదవ యేటికి లోపుననే పెండ్లియైనవారు తెలంగాణమున నూటికి 23.5, ఆంధ్రప్రదేశమున 29.3. ఆ యమ్మాయి క్రొత్తకోడలుగా వచ్చిన మాసమున ఆశా కార్యకర్త వాకిట నిలిచి 'ఛాయ' మాట యెత్తినచో, "ఇంకను ఒక కాన్పైనను కాలేదు, అప్పుడే ఆ మాటలేల?" అని అత్తగారు లోనికి పిలుచుకొనును. రెండవ కాన్పైన నాడు ఆపరేషను మాట ముందుగ నెత్తునదియు ఆ అత్తగారే.